వయసు పెరిగితే ఆట మానక్కర్లేదు, టీ మార్చుకుంటే చాలు

అరవై నిండిన మనిషి ఆట మానేస్తే మనలో ఎవరికీ ఆశ్చర్యం అనిపించదు. "ఈ వయసులో ఆటలేంటండీ" అని ముందుగా అనేది ఇంట్లోవాళ్ళే. బిలాస్‌పూర్ లాంటి రైల్వే పట్టణంలో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ డ్యూటీ దిగాక షటిల్, సెలవు రోజున వాలీబాల్. 60 ఏళ్ళకు రిటైర్మెంట్. క్వార్టర్ ఖాళీ చేయడంతోపాటు ఆట కూడా ఖాళీ అయిపోతుంది. మిగిలేది పొద్దుటిపూట నడక, అదీ మోకాళ్ళు సహకరిస్తేనే.

ఈ అలవాటును మనం మార్చుకోవాలని నా అభిప్రాయం. శరీరం మారినప్పుడు ఆట కొలతలు మార్చుకుని ఆడుతూ ఉండాలి. ఈ సూత్రాన్ని మైదానం మీదే గీసి పెట్టిన ఆట ఒకటుంది. అది గోల్ఫ్. మన రైల్వే కాలనీల్లో పెరిగిన తెలుగు కుటుంబాల్లో గోల్ఫ్ కర్ర పట్టినవాళ్ళు తక్కువే. అయినా ఆ ఆటలోని ఒక చిన్న ఏర్పాటు మనందరికీ పనికొస్తుంది.

టీ అంటే ఏమిటి?

గోల్ఫ్‌లో టీ అంటే తాగే టీ కాదు. ప్రతి హోల్‌కూ మొదటి దెబ్బ కొట్టే చోటును టీ అంటారు. మొదటి దెబ్బకు సాధారణంగా వాడే పొడవాటి కర్ర పేరు డ్రైవర్. రైళ్ళు నడిపేవాళ్ళున్న ఊరిలో ఈ పేరు వింటే కొంచెం నవ్వొస్తుంది. బంతి చివరికి చేరాల్సిన నున్నటి గడ్డి భాగం గ్రీన్. మంచి ఆటగాడు ఒక హోల్‌ను ఎన్ని దెబ్బల్లో ముగించాలో చెప్పే సంఖ్య పార్. గ్రీన్ మీదికి చేరాక రెండు దెబ్బలు పడతాయని లెక్క. కాబట్టి పార్ 4 హోల్‌లో బంతి రెండు దెబ్బల్లో గ్రీన్ చేరాలి.

ఒకే హోల్‌కు మూడు నాలుగు టీలు ఉంటాయి. వెనక ఉన్నది వృత్తి ఆటగాళ్ళకు, బలంగా కొట్టేవాళ్ళకు. ముందుకు వచ్చేకొద్దీ దూరం తగ్గుతుంది. గ్రీన్ అదే, గుంట అదే, ఇసుక గోతులు అవే. మారేది మొదలుపెట్టే చోటు మాత్రమే.

ఏ టీ నుంచి ఆడాలి అన్న ప్రశ్న వయసుతోపాటు వస్తుంది. చాలామంది మగవాళ్ళు 35 ఏళ్ళప్పుడు ఎక్కడి నుంచి కొట్టారో 65లోనూ అక్కడి నుంచే కొడతామని పట్టుపడతారు. ముందుకు జరిగితే పరువు పోతుందని భయం. ముందు టీలను "ఆడవాళ్ళ టీలు", "ముసలాళ్ళ టీలు" అని పిలిచే అలవాటు ఆ భయాన్ని ఇంకా పెంచుతుంది.

కండరం చెప్పే లెక్క

గోల్ఫ్‌లో కర్ర పైనుంచి కిందికి దిగి బంతిని తాకడానికి పట్టే సమయం సుమారు పావు సెకను. అంత తక్కువ సమయంలో వేగం పుట్టాలంటే కండరాల్లో వేగంగా సంకోచించే తంతువులు పనిచేయాలి. వయసుతో ఎక్కువగా సన్నబడేవి ఇవే. ముప్పై దాటాక కండరాల రాశి దశాబ్దానికి 3 నుంచి 8 శాతం దాకా తగ్గుతుందని, అరవై తర్వాత ఆ తరుగుదల ఇంకా పెరుగుతుందని వైద్యశాస్త్రం అంచనా. దీన్నే సార్కోపీనియా అంటారు. వెన్నుపాము నుంచి కండరానికి ఆజ్ఞలు మోసే నాడీకణాలు కూడా కొన్ని రాలిపోతాయి.

బలం, శక్తి ఒకటి కావు. బరువు ఎత్తగలగడం బలం. ఆ పని వేగంగా చేయగలగడం శక్తి. వయసుతో బలం కంటే శక్తి త్వరగా తగ్గుతుంది. అందుకే డెబ్బై ఏళ్ళ మనిషి బియ్యం బస్తాను మెల్లగా జరపగలడు గానీ, బస్సు కదులుతుంటే పరిగెత్తి ఎక్కలేడు. గోల్ఫ్ దెబ్బకు కావాల్సింది ఈ రెండోదే. దీనికి తోడు నడుము, తుంటి, వీపు పైభాగం తిరిగే కోణం కూడా తగ్గుతుంది. కర్ర వెనక్కి వెళ్ళే దూరం తగ్గితే అది వేగం పుంజుకునే దారి కూడా తగ్గుతుంది.

భౌతికశాస్త్రం ఇక్కడ దయ చూపదు. గతిశక్తి వేగపు వర్గాన్ని బట్టి మారుతుంది. కర్ర తల వేగం 10 శాతం తగ్గితే గతిశక్తి 19 శాతం తగ్గుతుంది. ఆటగాళ్ళు వాడే మోటు లెక్క ప్రకారం, తల వేగం గంటకు ఒక మైలు తగ్గితే డ్రైవర్‌తో కొట్టిన బంతి సుమారు రెండున్నర గజాలు తక్కువ పోతుంది. గంటకు 10 మైళ్ళు తగ్గితే 25 గజాలు పోయినట్టే. నష్టం ఒక దెబ్బతో ఆగదు, తర్వాతి దెబ్బలోనూ ఉంటుంది.

ఒక హోల్‌ను లెక్కేసి చూద్దాం. పొడవు 400 గజాలు, పార్ 4. మన ఆటగాడి డ్రైవర్ దెబ్బ 180 గజాలు. ఇంకా 220 మిగిలాయి. నేల మీద నుంచి అతని గట్టి దెబ్బ 165 అనుకుందాం. ఇంకా 55 మిగులుతాయి. అంటే మూడో దెబ్బకు గానీ గ్రీన్ చేరడు, అది కూడా రెండు దెబ్బలూ అద్భుతంగా పడితేనే. అదే మనిషి 300 గజాల టీ నుంచి మొదలుపెడితే డ్రైవర్ తర్వాత మిగిలేది 120. ఒక మధ్యరకం ఐరన్ కర్రతో గ్రీన్ మీదికి చేరవచ్చు. ఇసుక గోతిని తప్పించాలా, ఎడమవైపు పడేయాలా, గాలిని లెక్కలోకి తీసుకోవాలా అన్న ఆలోచనలన్నీ అప్పుడు మళ్ళీ మొదలవుతాయి. వెనక టీ నుంచి అతను చేసేది బరువు మోయడం. ముందు టీ నుంచి అతను ఆడేది గోల్ఫ్.

వయసు కాదు, దూరం కొలవాలి

2011లో అమెరికాలోని రెండు ప్రధాన గోల్ఫ్ సంస్థలు, అమెరికా గోల్ఫ్ సంఘం, పీజీఏ ఆఫ్ అమెరికా కలిసి "టీ ఇట్ ఫార్వర్డ్" అనే ప్రచారం మొదలుపెట్టాయి. అర్థం సులువు: టీని ముందుకు జరుపుకోండి. అందులోని సూచనల పట్టికలో వయసు కాలమ్ లేదు. మీ డ్రైవర్ దెబ్బ సగటున ఎంత దూరం పోతుంది అన్నదే ప్రశ్న. 250 గజాలు కొట్టేవాళ్ళకు 18 హోల్‌లూ కలిపి 6,200 నుంచి 6,400 గజాల కోర్సు. 225 కొడితే 5,800 నుంచి 6,000. 200 అయితే 5,200 నుంచి 5,400. 175 అయితే 4,400 నుంచి 4,600. ఇంకో మోటు లెక్క కూడా వాడుకలో ఉంది. మీ 5 నంబరు ఐరన్ దూరాన్ని 36తో గుణించండి. ఆ కర్రతో 150 గజాలు కొడితే మీకు తగిన కోర్సు 5,400 గజాలు.

ఈ పద్ధతిలో నాకు నచ్చింది ఇదే. ఇందులో జాలి లేదు, అవమానమూ లేదు. కొలత ఉంది. 70 ఏళ్ళ మనిషి 230 గజాలు కొడితే అతను వెనకే ఉండొచ్చు. 45 ఏళ్ళ మనిషి 170 కొడితే అతను ముందుకు రావాలి. 2009లో టర్న్‌బెర్రీలో జరిగిన బ్రిటిష్ ఓపెన్‌లో టామ్ వాట్సన్ 59 ఏళ్ళ వయసులో చివరి హోల్ దాకా ఆధిక్యంలో ఉండి, ప్లేఆఫ్‌లో స్టీవర్ట్ సింక్ చేతిలో ఓడిపోయాడు. పుట్టిన తేదీ చూసి ఎవరి టీనీ నిర్ణయించకూడదనడానికి ఆయనే సాక్ష్యం. అదే సమయంలో, 50 దాటిన వృత్తి ఆటగాళ్ళకు అమెరికాలో విడిగా ఒక టూర్ ఉంది. అక్కడి కోర్సులు సాధారణంగా ప్రధాన టూర్ కోర్సుల కంటే పొట్టివి. ప్రపంచ విజేతలే టీ మార్చుకుంటుంటే మనకెందుకు నామోషీ?

ముందు నుంచి ఆడితే మోసం చేసినట్టు కాదా అని కొందరు అడుగుతారు. దానికీ లెక్క ఉంది. 2020 నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ హ్యాండికాప్ విధానంలో ప్రతి టీకీ విడిగా కోర్సు రేటింగ్, స్లోప్ రేటింగ్ ఉంటాయి. స్లోప్ 55 నుంచి 155 దాకా ఉంటుంది, ప్రామాణిక విలువ 113. ఆటగాడి సూచికను స్లోప్‌తో గుణించి 113తో భాగించి, దానికి కోర్సు రేటింగ్‌కూ పార్‌కూ ఉన్న తేడా కలుపుతారు. ఉదాహరణకు సూచిక 20 ఉన్న మనిషి, పార్ 72, వెనక టీ రేటింగ్ 72.5, స్లోప్ 130 అనుకుందాం. అతనికి దొరికే రాయితీ 24 దెబ్బలు. ముందు టీ రేటింగ్ 67.5, స్లోప్ 115 అయితే దొరికేది 16 మాత్రమే. ముందుకు జరిగినవాడికి రాయితీ కూడా తగ్గింది. కాబట్టి 30 ఏళ్ళ కొడుకు వెనక నుంచి, 65 ఏళ్ళ తండ్రి ముందు నుంచి కొట్టినా ఇద్దరి మధ్య పోటీ న్యాయంగానే ఉంటుంది. మూడు తరాలు ఒకే మైదానంలో పోటీపడే ఏర్పాటు మన ఆటల్లో ఎన్నిటికి ఉంది?

రైల్వేకి ఈ సూత్రం కొత్తదేం కాదు

బిలాస్‌పూర్ రైల్వే ఊరు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేతో ఈ జంక్షన్ పెరిగింది. ఆ కంపెనీ లైన్ల వెంటే ఉత్తరాంధ్ర కుటుంబాలు ఇటు వచ్చి స్థిరపడ్డాయి. 2003 నుంచి ఇది ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రం. గోల్ఫ్ సూత్రాన్ని ఇక్కడివాళ్ళకు వివరించడం సులువు, ఎందుకంటే రైల్వే దాన్ని వేరే రూపంలో ఎప్పటినుంచో పాటిస్తోంది.

ఇంజిన్ నడిపేవాళ్ళు, రైళ్ళ భద్రతతో నేరుగా ముడిపడిన ఉద్యోగులు నిర్ణీత కాలానికి ఒకసారి వైద్య పరీక్షకు వెళ్ళాలి. రైల్వే వైద్య నియమావళి ప్రకారం ఈ వర్గాలకు 45 ఏళ్ళ దాకా నాలుగేళ్ళకోసారి, 55 దాకా రెండేళ్ళకోసారి, ఆ తర్వాత రిటైరయ్యే దాకా ఏటా పరీక్ష ఉంటుంది. చూపు ఆ వర్గానికి సరిపోకపోతే మరో పనికి మారుస్తారు. "ఇరవై ఏళ్ళుగా నడుపుతున్నాను, నాకెందుకు పరీక్ష" అంటే కుదరదు. అనుభవానికి గౌరవం ఉంటుంది, కంటికి కొలత ఉంటుంది.

గూడ్సు బండి ఘాట్ ఎక్కాలంటే వెనక బ్యాంకర్ ఇంజిన్ పెడతారు. ముందున్న ఇంజిన్ దాన్ని అవమానంగా తీసుకోదు. ఎత్తును బట్టి లోడు, లోడును బట్టి ఇంజిన్. ఇంత శ్రద్ధగా యంత్రాలను లెక్కగట్టే మనం, మన ఒంటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం లెక్క వదిలేసి రోషం పట్టుకుంటాం. ఆ రోషం చివరికి రెండు దారుల్లో ఒకదానికి తీసుకెళ్తుంది. ఒకటి, పాత కొలతలతోనే ఆడి నడుమో భుజమో పాడుచేసుకోవడం. మామూలు గోల్ఫ్ ఆటగాళ్ళలో తరచుగా దెబ్బతినేది నడుమే. దూరం సరిపోవడం లేదని ఇంకా గట్టిగా తిప్పినప్పుడు భారమంతా అక్కడే పడుతుంది. రెండు, ఆట పూర్తిగా మానేయడం. మన కాలనీల్లో ఎక్కువగా జరిగేది ఈ రెండోదే.

మానేస్తే పోయేది ఏమిటి?

2008-09లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థ పరిశోధకులు సుమారు 3 లక్షల మంది గోల్ఫ్ ఆటగాళ్ళ సమాచారం పరిశీలించారు. అదే వయసు, అదే సామాజిక స్థాయి ఉన్న ఇతరులతో పోలిస్తే వాళ్ళ మరణాల రేటు 40 శాతం తక్కువగా ఉంది. గోల్ఫ్ వల్లే ఆయుష్షు పెరిగిందని దీని అర్థం కాదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే ఆడుతూ ఉండగలరన్న మాట కూడా ఇందులో ఉంది. అయినా కొన్ని గంటలు బయట నడవడం, నలుగురితో కలవడం, ఏకాగ్రతతో ఒక పని చేయడం మంచివని చెప్పడానికి ఇతర ఆధారాలు చాలానే ఉన్నాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం 65 దాటినవాళ్ళకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం, మూడు రోజులు ఒంటి నిలకడను పెంచే కదలికలు కావాలి. నిలకడ అన్న మాటను తేలిగ్గా తీసుకోకూడదు. ప్రపంచంలో ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారని అదే సంస్థ అంచనా. ఆ మరణాల్లో ఎక్కువ 60 దాటినవాళ్ళవే. పక్కకు వంగడం, తిరగడం, ఒక కాలి మీద భారం వేసి ఆగడం వంటివి ఆటలో సహజంగా జరుగుతాయి. తిన్నగా సాగే నడకలో అవి అంతగా ఉండవు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరాన్ని చూడాలి. "కొలతలు తగ్గించుకుంటూ పోతే ఒళ్ళు ఇంకా మెత్తబడిపోదా? కష్టపడితేనే కదా బలం నిలిచేది?" అని అడగవచ్చు. ఈ ప్రశ్నలో నిజం ఉంది. 1990లో అమెరికాలో ఒక వృద్ధాశ్రమంలో సగటున 90 ఏళ్ళున్న 10 మందితో 8 వారాలు కాళ్ళకు బరువుల వ్యాయామం చేయించారు. పూర్తిచేసినవాళ్ళ కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభైలో కూడా కండరం మాట వింటుందన్నమాట. అయితే ఆ బరువులను పర్యవేక్షణలో, కొలిచి, మెల్లమెల్లగా పెంచారు. కష్టపడాల్సిన చోటు అదే. సాధనలో బరువు పెంచండి, ఆటలో టీ ముందుకు జరపండి. రెండూ ఒకదానికొకటి అడ్డు కావు. సాధన ఫలించి బంతి మళ్ళీ దూరం పోతే వెనక టీకి తిరిగి వెళ్ళకుండా ఎవరూ ఆపరు.

బిలాస్‌పూర్ వాతావరణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మే నెలలో ఎండ 45 డిగ్రీలకు చేరే ఊరు ఇది. వయసు పెరిగేకొద్దీ చెమట పట్టడం తగ్గుతుంది, దాహం తెలియడం ఆలస్యమవుతుంది. 6,500 గజాల కోర్సుకూ 5,300 గజాల కోర్సుకూ తేడా 1,200 గజాలు, అంటే దాదాపు 1.1 కిలోమీటర్లు. దెబ్బలు కూడా తగ్గుతాయి కాబట్టి ఆట త్వరగా ముగుస్తుంది, ఎండ ముదరకముందే ఇంటికి చేరవచ్చు.

మన గ్రౌండ్లలో టీలు ఎక్కడ?

గోల్ఫ్ కొద్దిమంది ఆట, దానికి కావాల్సిన నేల, నీరు ఎక్కువ అన్న విమర్శ సరైనదే. నేను అడుగుతున్నది కొత్త గోల్ఫ్ మైదానాలు కాదు. ఉన్న గ్రౌండ్లలో టీలు పెట్టమని.

అథ్లెటిక్స్ ఈ పని ఇప్పటికే చేసింది. మాస్టర్స్ పోటీల్లో మగవాళ్ళ షాట్‌పుట్ గుండు 49 ఏళ్ళ దాకా 7.26 కిలోలు. 50 దాటితే 6, 60 దాటితే 5, 70 దాటితే 4, 80 దాటితే 3 కిలోలు. జావెలిన్ బరువు, హర్డిల్స్ ఎత్తు కూడా అలాగే తగ్గుతాయి. ఆ పోటీల్లో గెలిచిన పతకాన్ని ఎవరూ చిన్నచూపు చూడరు. ఇంగ్లాండ్‌లోని చెస్టర్‌ఫీల్డ్‌లో 2011లో పరుగు లేకుండా నడుస్తూ ఆడే ఫుట్‌బాల్ మొదలై చాలా దేశాలకు పాకింది. పికిల్‌బాల్ కోర్టు కొలత 44 అడుగులు, 20 అడుగులు. సరిగ్గా బ్యాడ్మింటన్ డబుల్స్ కోర్టు కొలతే. మన రైల్వే ఇన్‌స్టిట్యూట్లలో ఉన్న షటిల్ కోర్టు మీద నెట్ దించి, నాలుగు గీతలు గీస్తే చాలు.

వాలీబాల్ నెట్ మగవాళ్ళకు 2.43 మీటర్లు, ఆడవాళ్ళకు 2.24 మీటర్లు. స్తంభానికి ఇంకో రెండు కొక్కేలు కొడితే మూడో ఎత్తు, నాలుగో ఎత్తు వస్తాయి. ఖర్చు పెద్దగా ఉండదు. అడ్డు వచ్చేది మాటే. "మావయ్యా, మీరు పక్కన కూర్చుని లెక్క చూడండి" అని మనం ప్రేమగానే అంటాం. ఆ మావయ్య మర్నాటి నుంచి గ్రౌండ్‌కు రారు. అదే "మావయ్యా, ఈరోజు కింది కొక్కేనికి కడదాం, మీరు సర్వీస్ చేయండి" అంటే ఇంకో పదేళ్ళు వస్తారు.

ఆడవాళ్ళ సంగతి ఇంకా చెప్పాలి. యాభై దాటిన ఆడవాళ్ళలో చాలామందికి అసలు ఏ టీ చూపించలేదు. రుతుక్రమం ఆగాక ఎముకల సాంద్రత వేగంగా తగ్గుతుంది. ఎముకకూ కండరానికీ పని చెప్పే ఆట వాళ్ళకు మగవాళ్ళ కంటే ఎక్కువ అవసరం. ముందు టీని "ఆడవాళ్ళ టీ" అని పిలిచినప్పుడు ఇద్దరినీ నష్టపరుస్తున్నాం. మగవాళ్ళు సిగ్గుపడి వెనకే ఉండిపోతారు. బాగా కొట్టగల ఆడవాళ్ళకు వెనక్కి వెళ్ళే అవకాశమే గుర్తుకు రాదు. టీలకు రంగో, అంకెో పేరుగా పెట్టాలి, మనుషుల పేరు పెట్టకూడదు.

మరి ఎలా మొదలుపెట్టాలి? గోల్ఫ్ ఆడేవాళ్ళయితే చదునైన చోట పది బంతులు డ్రైవర్‌తో కొట్టి సగటు తీయండి. జీవితంలో కొట్టిన అత్యుత్తమ దెబ్బను లెక్కలో వేసుకోకండి. ఆ సగటుకు తగిన టీ నుంచి మూడు ఆటలు ఆడి, రెండు దెబ్బల్లో ఎన్ని గ్రీన్‌లు చేరారో రాసుకోండి. ఏడాదికోసారి, రైల్వే వైద్య పరీక్షలాగే, మళ్ళీ కొలవండి. గుండె జబ్బు, బీపీ, చక్కెర ఉన్నవాళ్ళు ముందుగా డాక్టరును అడగండి. గోల్ఫ్ ఆడనివాళ్ళు తమ ఆటలో టీ ఏదో వెతుక్కోవాలి. షటిల్‌లో సింగిల్స్ బదులు డబుల్స్, వాలీబాల్‌లో కింది కొక్కెం, పరుగు బదులు వేగమైన నడక, గుండు బరువులో ఒక మెట్టు.

గ్రౌండ్లు, ఇన్‌స్టిట్యూట్లు చూసుకునే కమిటీలకు ఒక్క మాట. వచ్చే వార్షిక క్రీడలప్పుడు "వెటరన్స్ నడక పోటీ" ఒక్కటి పెట్టి సరిపెట్టకండి. రిటైరైనవాళ్ళు కూడా వారానికి మూడు రోజులు వచ్చి ఆడుకునేలా ఒక కోర్టు, ఒక వేళ, రెండు కొక్కేలు కేటాయించండి. నలభై ఏళ్ళు ఈ లైన్ల మీద బండ్లు నడిపించినవాళ్ళకు అది పెద్ద కోరికేమీ కాదు.